వంగుడు బురుజు దగ్గర నవ్వకూడదు

దుప్పిగుట్ట అడవిలో ఏ జంతువునైనా మీ దగ్గర చూడదగ్గ వింత ఏమిటని అడగండి, పులి పేరు చెప్పదు, జలపాతం పేరు చెప్పదు. వంగుడు బురుజు అంటుంది. గుట్ట మీద ఒక పాత కోట ఉంది. గోడలు చాలావరకు కూలిపోయాయి. పడమటి మూల మాత్రం ఎత్తయిన బురుజు ఒకటి నిలబడి ఉంది. నిలబడి ఉందనడం కూడా పూర్తి నిజం కాదు. ఒక పక్కకి బాగా ఒరిగి, పక్కవాడి చెవిలో రహస్యం చెప్పబోతున్నట్టు ఉంటుంది.

దాన్ని చూడ్డానికి పట్నాల నుంచి మనుషులు బస్సుల్లో వస్తారు. వచ్చినవాడు చేతులు ఊరికే ఉంచుకోడు. బురుజుకి దూరంగా నిలబడి, అరచేతులు గాల్లోకి చాపి, పడిపోతున్న బురుజును తానొక్కడే ఆపుతున్నట్టు ఫొటో దిగుతాడు. ఫోను పట్టుకున్న భార్య, "కొంచెం ఎడమకి జరగండి. ఇంకొంచెం. ఇప్పుడు బరువు మోస్తున్నట్టు మొహం పెట్టండి" అంటుంది. ఇంట్లో బిందె కూడా ఎత్తనివాడు అక్కడ బురుజును ఎత్తేస్తాడు.

సాయంత్రం కాపలావాడు గేటు మూసి వెళ్ళగానే కోట జంతువులదవుతుంది. మనుషులు వదిలేసిన మరమరాలూ, సగం కొరికిన మొక్కజొన్న కంకులూ ఏరుకుని తింటూ, పొద్దు గుంకేదాకా బురుజు ముందున్న ఆవరణలో కబుర్లాడుకుంటాయి. అడవికోళ్ళు రాత్రి నిద్రకి కూడా అక్కడే గోడల మీదికి ఎక్కుతాయి. అంతమంది ఉన్నచోట భయం లేదని వాటి ధీమా.

ఆ కబుర్లలో సగం బురుజు మీది వేళాకోళమే. అడవిపంది గంగులు వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు గాల్లో చాపి, "ఏమేవ్, ఫొటో వచ్చిందా? నా నడుం పోతోందే ఇక్కడ" అనేవాడు. కుందేళ్ళు నేల మీద పడి దొర్లేవి.

గులాబీ అనే పావురం వచ్చాక ఆ సందడి ఇంకా పెరిగింది. గులాబీది చార్మినార్. గాలిపటం దారం తగిలి రెక్క దెబ్బతింటే, కనిపించిన మొక్కజొన్నల లారీ మీద వాలి, లారీ ఎటు పోతే అటు పోయి, ఈ గుట్ట కింద దిగింది. ఎగరలేదు గానీ మాట్లాడగలదు.

"మా చార్మినార్‌కు నాలుగు దిక్కుల నాలుగు గడియారాలున్నయ్," అనేది. "అయినా పట్నంల ఒక్కడు టైముకు రాడు. అడిగితే, నేను చూసింది అవతలి దిక్కు గడియారం అంటడు."

"తాజ్‌మహల్ సంగతి చెప్పవే," అనేది అడవికోడి నాంచారమ్మ.

"ఆడ మా చుట్టమొకామె ఉంటది. ఆడికొచ్చిన ప్రతి పెండ్లాం మొగుణ్ణి ఒక్కటే అడుగుతదంట, నా కోసం ఏం కట్టిస్తవని. ముందు కరెంటు బిల్లు కట్టనియ్యే అంటడంట మొగుడు."

నాంచారమ్మ చెల్లెలు చిన్నక్క నవ్వడం మొదలుపెడితే ఆపలేకపోయేది. "మరి మా బురుజెందుకు ఒరిగిందక్కా?" అని అడిగేది వెక్కిళ్ళ మధ్య.

"ఇటలీ దేశంల గిట్లనే ఒక గోపురముందంట. రెండు ఎప్పుడో ఎదురుపడ్డయ్. ముందు మీరు కూసోండి అని ఇది, కాదు ముందు మీరని అది. ఇద్దరు వంగిండ్రు, ఎవరు కూసోలే. ఇగ అంతే."

ఆవరణ అంతా నవ్వుతుంటే ఒక్క ప్రాణికి మాత్రం ఒళ్ళు మండిపోయేది. బురుజు పైవరసలో, ఎండ చివరిదాకా తగిలే రాయి మీద పడుకుని ఉండే ముసలి ఉడుము కోటప్ప.

కోటప్పకి ఆ బురుజు రాళ్ళ కుప్ప కాదు. తన వంశం. పూర్వం ఈ కోట మీదికి సైన్యం దండెత్తి వచ్చినప్పుడు, ఆయన ముత్తాత నడుముకే తాడు కట్టి గోడ మీదికి వదిలారట. ముత్తాత పైకి పాకి రాయిని కరుచుకుంటే, సైనికులు ఆ తాడు పట్టుకుని ఎక్కి కోట గెలిచారట. ఇది కోటప్ప చిన్నప్పటి నుంచి విన్న కథ, ఇప్పుడు అందరికీ చెప్పే కథ. అలాంటి చోట ఒక పంది వచ్చి నడుం పోయిందని ఆడితే ఆయనకి ఎలా ఉంటుంది? చాలాసార్లు పైనుంచి కసిరాడు. "ఊరుకో తాతా, సరదాకే కదా" అనేవి అందరూ. ఆ సరదా అన్న మాటే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేది.

ఈ సంగతి నక్క పానకాలుకి తెలిసింది. పానకాలు పేరుకి తగ్గట్టే మాట్లాడతాడు. అడవికోళ్ళ మీద అతనికి ఎన్నాళ్ళుగానో ఆశ ఉంది గానీ, నవ్వేవాళ్ళ కళ్ళు నాలుగు వైపులా తిరుగుతూ ఉంటాయి. ఆవరణలోకి తోక పెడితే చాలు, ఏదో ఒక కుందేలు చూసి చెప్పేసేది. ఒక మధ్యాహ్నం అతను బురుజు కిందికి వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. కోటప్ప చాలాసేపు చూశాడు.

"ఏం పానకాలూ, ఏదైనా పోగొట్టుకున్నావా?"

"లేదు పెద్దాయనా. మీ ముత్తాతగారికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

ఆ మాట అన్న జంతువు అప్పటివరకు ఒక్కటి కూడా లేదు. కోటప్ప రెండు రాళ్ళు కిందికి దిగాడు.

"ఇంత చరిత్ర ఉన్న చోట ఆ వెకిలి నవ్వులేమిటి పెద్దాయనా," అన్నాడు పానకాలు గొంతు తగ్గించి. "నా కడుపు తరుక్కుపోతోంది. పరువు ఒక్కటే పోతే సరే అనుకుందును. బురుజు కూడా పోతుందేమోనని నా భయం."

"అంటే?"

"మీరు పైన ఉంటారు, మీకు తెలియదు. కింద నుంచి చూస్తున్నాను నేను. వీళ్ళు నవ్వినప్పుడల్లా నేల అదురుతోంది. అదిరినప్పుడల్లా బురుజు వడ్లగింజంత ఒరుగుతోంది."

నిజానికి గంగులు నవ్వితే నేల అదరడం ఆయనకి తెలుసు. తన పొట్ట కింద రాయి వణకడం తెలుసు. దాన్ని ఇలా ఎప్పుడూ ఆలోచించలేదంతే.

"ఏం చెయ్యమంటావు?"

"చేసేది మీరు. నేను మీ వెనక నిలబడి ఉంటాను," అన్నాడు పానకాలు.

ఆ సాయంత్రం కోటప్ప బురుజు నుంచి కిందికి దిగి వచ్చాడు. ఆయన అలా దిగిరావడం అందరికీ కొత్త. పెద్దాయనే విషయం చెప్పాడు. పక్కన నిలబడి పానకాలు ఒక పుల్లను బురుజు నీడ అంచున గుచ్చి, "నవ్వండి చూద్దాం" అన్నాడు. గంగులు భయం భయంగా నవ్వాడు. పొద్దు వాలుతోంది కాబట్టి నీడ జరిగింది.

"చూశారా," అన్నాడు పానకాలు.

గంగులు తన నవ్వు వల్ల కోట కూలబోయిందని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇకనుంచి ఏం చెయ్యాలో పానకాలే చెప్పాడు. రోజూ సాయంత్రం అందరూ వరసగా కూర్చుని, తలలు వంచి, కళ్ళు మూసుకుని మౌనంగా ఉండాలి. పానకాలు ఊళ వేసినప్పుడే కళ్ళు తెరవాలి. "మధ్యలో ఎవరైనా అరుస్తారు, పిలుస్తారు, కళ్ళు తెరవమంటారు. అది బురుజు మనల్ని పరీక్షించడం. ఎంత పెద్ద అరుపు వినిపిస్తే అంత గట్టిగా మూసుకోవాలి."

"నీడ జరిగితే బురుజు జరిగినట్టా?" అంది గులాబీ. "గట్లయితే పొద్దుగాల మళ్ళ లేసి నిలబడుతదా?"

"ఇదిగో, ఇలాంటి మాటల వల్లే," అన్నాడు పానకాలు బాధగా.

అందరూ గులాబీ వైపు గుర్రుగా చూశారు. అందరికంటే ఎక్కువగా కోటప్ప చూశాడు. "ఎక్కడి నుంచో లారీ మీద వచ్చినదానివి. ఇది నీ ఇల్లు కాదు, నీకు నొప్పి తెలియదు. దూరంగా పో," అన్నాడు. గులాబీ దెబ్బతిన్న రెక్కను ఈడ్చుకుంటూ కోట గేటు అవతలికి పోయి, బెంచీ కింద కాపురం పెట్టింది.

మౌనం మొదలైంది. కోటప్పకి అంత హాయి జీవితంలో ఎన్నడూ లేదు. బురుజు పైన కూర్చుని, కింద వంగిన తలల్ని ఒకసారి కళ్ళ నిండా చూసుకుని, తనూ కళ్ళు మూసుకునేవాడు. ముత్తాత పక్కనే ఉన్నట్టు అనిపించేది.

కొన్నాళ్ళకి చిన్నక్క కనిపించలేదు.

"మౌనంలో కిసుక్కుమని నవ్వింది," అని చెప్పాడు పానకాలు. "నేను విన్నాను గానీ పిల్లదాని పరువు తియ్యడం ఎందుకని ఊరుకున్నాను. దానికే సిగ్గేసి వెళ్ళిపోయి ఉంటుంది."

చిన్నక్క నవ్వు ఆపుకోలేదని అందరికీ తెలుసు. నమ్మారు. తర్వాత ఇంకో కోడి, ఆ తర్వాత దాని జంట కోడిపుంజు. మొదటిది పుట్టింటికి పోయిందన్నాడు, రెండోది దాన్ని వెతుక్కుంటూ పోయిందన్నాడు. మౌనం వల్ల మనసు నిర్మలమై తన మొహంలో కళ వచ్చిందని కూడా అన్నాడు. కళ సంగతేమో గానీ పానకాలు పొట్ట మాత్రం గుండ్రంగా తయారైంది.

నాంచారమ్మ ఒక ఉదయం బురుజు కిందికి వచ్చి పైకి పిలిచింది.

"తాతా, మా చిన్నక్క నాకు చెప్పకుండా ఎక్కడికీ పోదు."

"సిగ్గుపడి పోయిందన్నాడు కదా పానకాలు."

"దానికి సిగ్గే ఉంటే అంత నవ్వదు తాతా. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, దానికి అది లేదు."

"చరిత్ర కంటే నీ చెల్లెలు ఎక్కువా నీకు?" అన్నాడు కోటప్ప చిరాగ్గా.

నాంచారమ్మ పైకి చూసింది. "అవును తాతా," అని వెళ్ళిపోయింది.

ఆ జవాబు కోటప్ప ఊహించనిది. ఎండలో పడుకున్నా ఒంటికి వేడెక్కలేదు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఇక కుదరక, మనుషులు భోజనాలకి కూర్చున్న వేళ చూసి, గోడ వెంట పాకుతూ గేటు దగ్గరి బెంచీ కిందికి వెళ్ళాడు. గులాబీ ఒక బిస్కట్ ముక్కతో కుస్తీ పడుతోంది.

"ఏంది తాతా, దారి తప్పినవా?"

కోటప్ప గొంతు సవరించుకున్నాడు. పొమ్మన్నవాడే వెతుక్కుంటూ రావడం ఎంత కష్టమో వచ్చినవాడికే తెలుస్తుంది. "కోళ్ళు తగ్గుతున్నాయి," అన్నాడు చివరికి.

"నేను ఈడ ఉన్న. నాకేం కనిపిస్తది? నువ్వు మీద కూసుంటవ్ కదా, నీకేం కనిపిస్తలేదా?"

"నేను కళ్ళు మూసుకుని ఉంటాను."

"అందరు మూసుకుంటరా?"

"అందరూ."

"నక్క సుత?"

"పానకాలు అందరికంటే ముందు మూసుకుంటాడు."

"నువ్వు చూసినవా?"

"కళ్ళు మూసుకున్నవాణ్ణి ఎలా చూస్తాను?"

"నేనంటున్నది గదే తాతా," అని గులాబీ మళ్ళీ బిస్కట్ మీద పడింది.

కోటప్ప గోడ వెంట మళ్ళీ బురుజు వైపు పాకాడు. దారంతా నాలుక బయటికీ లోపలికీ ఆడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అందరూ వరసగా కూర్చున్నారు. తలలు వంగాయి. కోటప్ప కూడా తల వంచాడు, కానీ ఒక కన్ను సన్నగా తెరిచి ఉంచాడు. అలా దొంగచాటుగా చూడడం ఆయనకి సిగ్గుగానే ఉంది. తను అనుమానించింది తప్పయితే బాగుండునని ముత్తాతకి మొక్కుకున్నాడు.

పానకాలు లేచాడు. పాదాల చప్పుడు లేకుండా వరస వెంట నడిచాడు, సంతలో కూరగాయలు ఎంచుకుంటున్నవాడిలా ఒక్కొక్క కోడి ముందూ ఆగి, వాసన చూసి, ముందుకి జరిగాడు. నాంచారమ్మ ముందు ఆగాడు. చెల్లెలి గురించి ప్రశ్నలు వేస్తున్నది ఆమే కదా. నోరు తెరిచి ఆమె మెడ పట్టుకున్నాడు. నాంచారమ్మ అరవలేకపోయింది. రెక్కలు మాత్రం కొట్టుకున్నాయి.

"కళ్ళు తెరవండి," అని కోటప్ప బురుజు పైనుంచి అరిచాడు. "నక్క, కళ్ళు తెరవండిరా."

కింద ఎవరూ కదల్లేదు. "పరీక్ష వచ్చింది. గట్టిగా మూసుకోండి," అని గంగులు అందరికీ ధైర్యం చెప్పాడు. కుందేళ్ళు చెవులు కూడా ముడుచుకున్నాయి. పానకాలు పైకి చూశాడు. నోట్లో కోడి ఉన్నా అతని కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి. ఆ ముసలి ఉడుము కిందికి దిగి వచ్చేసరికి తను గుట్ట దిగిపోతాడని ఇద్దరికీ తెలుసు.

కోటప్ప ఇంకోసారి అరిచాడు. అరిచిన కొద్దీ వాళ్ళ కళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. నాంచారమ్మ రెక్కలు నెమ్మదించాయి. అరిస్తే ఎవరూ వినరు, నక్క ముందే అలా చెప్పి పెట్టాడు. మరి వద్దనుకున్నా ఆగనిది ఏముంది?

కోటప్ప జన్మలో ఒక్క హాస్యం ఆడలేదు. ఎలా మొదలుపెడతారో కూడా తెలియదు. ముత్తాత కథ ఎలా చెబుతాడో అలాగే, అదే గంభీరమైన గొంతుతో మొదలుపెట్టాడు.

"ఈ బురుజు ఎందుకు ఒరిగిందో మీలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. మా ముత్తాత నడుముకి తాడు కట్టి సైనికులు ఎక్కారని చెప్పాను కదా. అందరూ ఎక్కారు. చివర సేనాపతి మిగిలాడు."

గంగులు చెవి ఒకటి లేచింది.

"సేనాపతిగారు భోజనం చేసి వచ్చారు. మామూలు భోజనం కాదు, పనసకాయ కూర, గారెలు. తాడు పట్టుకున్నారు. మా ముత్తాత రాయిని పట్టుకున్నాడు. ఆయన కిందికి లాగుతున్నారు, ఈయన వదలడు. ఉడుము పట్టు అంటే మాటలా? సేనాపతి బరువు తగ్గలేదు, మా ముత్తాత పట్టు వదల్లేదు." కోటప్ప ఊపిరి తీసుకున్నాడు. "మధ్యలో పాపం, బురుజే వంగింది."

గంగులు ముక్కులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ఆపుకోబోయాడు. సేనాపతి తాడు పట్టుకుని వేలాడడం కళ్ళ ముందు కదిలింది, ఇక వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కన కుందేలు నవ్వింది. దాని పక్కది నవ్వింది. కోటప్ప తాత హాస్యమాడాడన్న సంగతే ఆ హాస్యం కంటే పెద్ద నవ్వయింది. కళ్ళు మూసుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం ఎవరికి సాధ్యం? పక్కవాడు కూడా నవ్వుతున్నాడా లేదా అని చూసుకోవాలి కదా. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి.

ఆవరణ మధ్యలో పానకాలు నిలబడి ఉన్నాడు, నోట్లో నాంచారమ్మతో.

అన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి అతనికి అలవాటు అడ్డం వచ్చింది. ఎంత చిక్కులోనైనా రెండు తీపి మాటలు చెప్పి బయటపడడం అతని వృత్తి. మాట్లాడాలంటే నోరు ఖాళీ కావాలి. నాంచారమ్మను వదిలాడు.

"కళ్ళు తిరిగి పడిపోయింది పాపం. లేపుతున్నాను," అన్నాడు.

"మెడ పట్టుకునా?" అంది నాంచారమ్మ, లేచి గోడ మీదికి ఎక్కుతూ.

గంగులు నవ్వు ఆగిపోయింది. అతను నడుం నొప్పి నటన ఏమీ చెయ్యకుండా నేరుగా పరుగెత్తాడు. పానకాలు గేటు సందులోంచి దూరబోయాడు గానీ, కొత్తగా వచ్చిన పొట్ట ఊచల మధ్య ఇరుక్కుంది. గంగులు వెనక నుంచి కోరతో ఒక్క పోటు పొడిచి సాయం చేశాడు. అవతల పడ్డ నక్క గుట్ట రాళ్ళ మీదుగా దొర్లుతూ, లేస్తూ, మళ్ళీ దొర్లుతూ అడవి దాటాడు.

కోటప్ప కిందికి దిగి నాంచారమ్మ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఆమె మెడ మీద ఈకలు ఊడిపోయి ఉన్నాయి.

"చిన్నక్క ఉంటే ఇవాళ ఎంత నవ్వేదో తాతా," అంది నాంచారమ్మ.

కోటప్ప తల దించుకున్నాడు. ఆ రాత్రి ఆయన బురుజు ఎక్కలేదు. కోళ్ళు పడుకున్న గోడ కిందే, గేటు వైపు మొహం పెట్టి పడుకున్నాడు. తర్వాత కూడా అదే ఆయన చోటయింది. తెల్లవారగానే తనే వెళ్ళి గులాబీని ఆవరణలోకి తీసుకొచ్చాడు. సాయంత్రాలు మళ్ళీ మునుపటిలా అయ్యాయి. సేనాపతి కథలో రోజుకొక వంటకం చేరింది. బురుజు మాత్రం ఎంత ఒరిగి ఉందో అంతే ఉంది.

రెక్క బాగయ్యాక గులాబీ చార్మినార్‌కి వెళ్ళిపోయింది. వెళ్ళే దారిలో ఆగిన ప్రతి చోటా ఈ సంగతి చెప్పింది. పావురాలు ఆగని కోట గానీ మండపం గానీ ఏముంటుంది?

పానకాలు చాలా దూరం నడిచి, ఎవరూ తనని ఎరగరనుకున్న ఒక పాడుబడ్డ మండపం చేరుకున్నాడు. అక్కడ కంజుపిట్టలు కొన్ని స్తంభాల మధ్య మేస్తూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నాయి. అతను తల వంచుకుని, చాలాసేపు నిలబడి, నిట్టూర్చాడు.

"ఇంత గొప్ప మండపం దగ్గర ఈ నవ్వులేమిటమ్మా," అన్నాడు మెత్తగా. "దీని పరువు..."

అందులో ముసలి కంజుపిట్ట ఒకటి మేత ఆపి అతని వైపు చూసింది.

"నాయనా, ఆ మాట తర్వాత చెబుదువు గానీ, ముందు నోరు ఒకసారి తెరువు. లోపల ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోయారేమో చూస్తాం."

పిట్టలన్నీ రెక్కలు కొట్టుకుంటూ నవ్వాయి. పానకాలు నోరు తెరవలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు, ఇంకా ఎంత దూరం పోతే ఆ నవ్వు వినిపించని చోటు దొరుకుతుందో తెలియకుండా.

నీతి: మన గొప్పల్ని చూసి నవ్వేవాడి వల్ల పోయేదేమీ లేదు, వాటికి దణ్ణం పెట్టి మన కళ్ళు మూయించేవాణ్ణే కనిపెట్టి ఉండాలి.